కొత్తపేటలో ఎన్ని అక్షరములు?

‘కొత్తపేట’ అను మాటలో ఎన్ని అక్షరములు గలవని పాఠశాలలో ఏ బాలుని అడిగినను, తడుముకొనకుండ నాలుగు అని చెప్పును. ఛందస్సు చదివిన విద్యార్థి ఇంకొక మెట్టు పైకెక్కి, ‘కొ’ సంయుక్తాక్షరమునకు ముందున్నది గావున గురువనియు, ‘త్త’ లఘువనియు, ‘పే’ గురువనియు, ‘ట’ లఘువనియు, వెరసి రెండు హగణములనియు లెక్క తేల్చును. అదే ప్రశ్న కంప్యూటరును అడిగినచో ఎనిమిది అని జవాబు వచ్చును. ఏలయనగా ఆ యంత్రము తన జ్ఞాపకములో ఆ మాటను కకారము, ఒత్వము, తకారము, పొల్లు, మరల తకారము, పకారము, ఏత్వము, టకారము అని ఎనిమిది సంకేతములుగా దాచుకొన్నది.

బాలుడు చెప్పినది తప్పు కాదు. యంత్రము చెప్పినదియు తప్పు కాదు. కంటికి కనబడునది, నోటికి వచ్చునది, తాళమునకు అందునది నాలుగు. యంత్రము నిలువ చేసినది ఎనిమిది. ఈ రెండు లెక్కలకు నడుమ నున్న ఏటిని దాటించు సాధనము లేనిచో తెలుగు మాట తెరమీదికి చేరదు. చేరినను కాలో చేయో విరిగి చేరును. ఏటిని దాటించుట యననేమో కోనసీమలో ఎవరికిని చెప్పనక్కరలేదు. పి.గన్నవరమునొద్ద వైనతేయపాయ మీదుగా అక్విడక్టు కాలువ నీటిని ఆవలి లంకకు చేర్చుచున్నది. క్రింద నది తన దారిని పోవును; పైన కాలువ తన దారిని పోవును. అట్టి కట్టడము లేనిచో ఈవల నీరున్నను, ఆవల పొలమున్నను, పంట లేదు.

కంప్యూటరులో ఇట్టి వంతెన లేక మొదట మిక్కిలి ఇబ్బంది పడినవారు తెలుగువారు కారు. చీనా, జపాను, కొరియా దేశములవారు. వారి అక్షరములకొఱకు కట్టిన వంతెన మీదుగానే నేడు తెలుగు కూడ అనేక ప్రోగ్రాములలోనికి నడచి వచ్చుచున్నది. తెలుగు చెప్పు ఉపాధ్యాయులును, చదువు విద్యార్థులును ఈ కథను తెలిసికొనుట అవసరము. దీనిలో వారి భాషయొక్క రేపటి బ్రతుకు ఇమిడియున్నది.

వ్రాతగడి

ఇల్లు కట్టువాడు తలుపు బందులను, గడియలను తానే పోత పోసికొనడు. అంగడిలో కొని తెచ్చి బిగించును. ప్రోగ్రాము వ్రాయువాడును అంతే. తెరమీద కనబడు గవాక్షములు, బొత్తాములు, పట్టికలు, అక్షరములు వ్రాయుటకైన గడులు ఇవన్నియు ముందుగానే తయారుచేసి పెట్టిన సామగ్రి కలదు. దానికే టూల్‌కిట్ అని పేరు. నార్వేదేశమున ట్రోల్‌టెక్ అను సంస్థ 1995లో వెలువరించిన ‘క్యూట్’ అట్టిది. అమెరికాలో బర్క్‌లీ విద్యార్థు లిద్దరు చిత్రములు దిద్దు ప్రోగ్రాము నొకదానిని వ్రాయుచు, దాని అవసరముకొఱకు సృష్టించిన ‘జీటీకే’ అట్టిది. ఈ సామగ్రితో లెక్కలేనన్ని ప్రోగ్రాములు పుట్టినవి.

ఇందు వ్రాతగడి చూచుటకు అల్పమైన వస్తువు. ఒక చతురస్రము, దానిలో మినుకుమినుకుమను ఒక గీత. కాని ఆ గడిలో లోపమున్నచో, దానిని తెచ్చి బిగించిన ప్రతి ప్రోగ్రామునకును ఆ లోపము సంక్రమించును. లెక్కల ప్రోగ్రాము వ్రాసినవాడు తెలుగును ద్వేషించినవాడు కాడు. అతడు తెచ్చిన వ్రాతగడికి తెలుగు రాదు; అందువలన అతని ప్రోగ్రామునకును తెలుగు రాదు.

ఆంగ్లమునకు ఈ చిక్కు లేదు. దాని అక్షరములు 26. ఒక మీట నొక్కిన ఒక అక్షరము పడును. ఒక అక్షరమునకు ఒక రూపము. అది ప్రక్క అక్షరమును చూచి రూపు మార్చుకొనదు. వ్రాతగడిని మొదట నిర్మించినవారు ఈ సులువైన లోకములో పెరిగినవారు. మీటను నొక్కుటయు, అక్షరము పుట్టుటయు ఒకే క్షణమున జరుగునని వారు నమ్మిరి. ఆ నమ్మకము తూర్పుదేశముల వాకిట పటాపంచలైనది.

వేల అక్షరములు, గుప్పెడు మీటలు

జపానులో సామాన్య వ్యవహారమునకని ప్రభుత్వము 2010లో సవరించి ప్రకటించిన పట్టికలో 2,136 చీనా అక్షరములు గలవు. అవి గాక రెండు విధముల కనా లిపులు వేరు. ప్రపంచ లిపుల కన్నిటికిని ఒకే సంకేత పట్టికగా ఏర్పడిన యూనికోడ్‌లో 1992లో చేర్చిన చీనా, జపాను, కొరియా ఉమ్మడి అక్షరములే 20,902. ఇన్ని అక్షరములకు ఇన్ని మీటలు పెట్టినచో కీబోర్డు ఒక వీధియంత పొడవగును.

దీనికి వారు పలువిధముల ఉపాయములు పన్నిరి. 1976లో తైవానులో చు బాంగ్-ఫూ అను నతడు చీనా అక్షరములను అవయవములుగా విడదీసి, ఒక్కొక్క అవయవమునకు ఒక్కొక్క మీట నిర్ణయించెను. చీనా లిపిని కనుగొన్నవాడని పురాణకథలు చెప్పు త్సాంగ్‌చియె పేరనే ఆ పద్ధతి ప్రసిద్ధమైనది. 1983లో చీనాలో వాంగ్ యోంగ్‌మిన్ అయిదు విధముల గీతలు ఆధారముగా మరియొక పద్ధతిని కూర్చెను. జపానువారు ఉచ్చారణను ఆశ్రయించిరి. 1978లో తోషిబా సంస్థ ప్రకటించిన జపాను భాషా వ్రాతయంత్రము బల్లయంత పెద్దది. వెల 63 లక్షల యెన్‌లు. కనా లిపిలో వ్రాసిన దానిని చదివి, తగిన చీనా అక్షరములను అదియే ఎంచి పెట్టుట దాని విశేషము.

ఈ పద్ధతి పనిచేయు తీరు నొక యుదాహరణముతో చూతము. జపాను భాషలో ‘హషి’ అనగా వంతెన. ‘హషి’ అనగా అన్నము తిను పుల్లలు. ‘హషి’ అనగా అంచు. ఉచ్చారణలో అక్షరములు ఒకటే, లిపిలో వేర్వేరు. వ్రాయువాడు రోమను మీటలతో ‘హషి’ అని నొక్కగానే అది కనాగా మారి, క్రింద గీత గీచిన రూపముతో తెరమీద నిలుచును. అది ఇంకను ఖాయము కాలేదు. కుండ ఇంకను సారెమీదనే యున్నది. అతడు ఖాళీ మీట నొక్కును. వంతెన, పుల్లలు, అంచు అను మూడు అక్షరములును ఒక చిన్న పట్టికగా ప్రక్కన వ్రేలాడును. తనకు కావలసినదానిని ఎంచి ఎంటర్ మీట నొక్కినప్పుడు మాత్రమే అది పాఠములో చేరును.

కొరియావారి సంగతి తెలుగువారికి మరింత దగ్గర. వారి హంగుల్ లిపిని సేజోంగ్ రాజు 1446లో ప్రకటించెను. మూలాక్షరములు 24, అందు హల్లులు 14, అచ్చులు 10. కాని అవి వరుసగా నిలువవు. హల్లు, అచ్చు, క్రింద మరియొక హల్లు కలిసి ఒకే గడిలో ఇమిడి ఒక అక్షరమగును. యూనికోడ్‌లో అట్టి కూడిక అక్షరములు 11,172. ఒక హల్లు నొక్కగా కనబడిన రూపము, అచ్చు నొక్కగానే మారును. మరియొక హల్లు నొక్కగా మరల మారును. గుణింతము, ఒత్తు ఎరిగిన తెలుగు విద్యార్థికి ఇది వింత కాదు.

వ్రాతగడి నేర్వవలసిన నాలుగు పనులు

పై విధముగా అక్షరములను కూర్చి పెట్టు సాధనమునకు ఇన్‌పుట్ మెథడ్ అని పేరు. అది ప్రత్యేకముగా నొక ప్రోగ్రాము. వ్రాతగడి మరియొక ప్రోగ్రాములోనిది. ఈ రెండింటికిని మాట కలుపుటయే టూల్‌కిట్ నిర్మాతకు పడిన భారము. ఆ పని నాలుగు భాగములు.

మొదటిది, మీట నొక్కిన వార్త వచ్చినప్పుడు వ్రాతగడి దానిని తానే మ్రింగివేయరాదు; ముందుగా ఇన్‌పుట్ మెథడ్‌కు చూపవలెను. అది వలదన్నప్పుడే తాను తీసికొనవలెను. రెండవది, ఇంకను ఖాయము కాని పాఠమును గీత గీచి తనలో చూపవలెను. కాని దానిని అసలు పాఠముతో కలిపివేయరాదు. మూడవది, వ్రాయుగీత తెరమీద సరిగా ఎచ్చట నున్నదో ఎప్పటికప్పుడు చెప్పుచుండవలెను. అట్లు చెప్పినప్పుడే ఎంపిక పట్టిక ఆ ప్రక్కన తెరచుకొనును. నాలుగవది, ఖాయమైన పాఠము వచ్చినప్పుడు దానిని ఒక్క అక్షరముగా కాక ఎంత వచ్చిన అంత స్వీకరింపవలెను. మీట ఒకటి, అక్షరము ఒకటి అను పాత లెక్క ఇచ్చట చెల్లదు.

వినుటకు సులువుగ నున్నను, ఈ నాలుగింటను తప్పిన ప్రోగ్రాములు అనేకములు. మొదటి పనిలో తప్పినచో జపానువాడు అక్షరమును ఎంచుటకు ఎంటర్ నొక్కగానే సగము వ్రాసిన జాబు కాస్త అవతలివానికి వెళ్ళిపోవును. రెండవదానిలో తప్పినచో వ్రాయుచున్నదేదియు కనబడదు. చీకటిలో ముగ్గు పెట్టినట్లుండును. మూడవదానిలో తప్పినచో వ్రాత తెర నడుమ, ఎంపిక పట్టిక తెర మూలన ఉండును. కన్ను ప్రతి మాటకును రెండు ప్రయాణములు చేయవలెను. నాలుగవదానిలో తప్పినచో పది అక్షరముల మాటలో మొదటిది మాత్రము పడి, తక్కినవి గాలిలో కలియును.

పాశ్చాత్యదేశముల నిర్మాతలు మొదట ఈ తప్పులను గుర్తింపలేదు. వారి కీబోర్డుమీద ఇవి కనబడవు. కనబడినది తూర్పుదేశముల పాఠకులకు, వ్రాతగాండ్రకు. వారు ఊరకుండక చెప్పిరి; కొందరు తామే కూర్చుండి దిద్దిరి.

ఒకరికై వేసిన బాట

యూనిక్స్ కంప్యూటర్లలోని ఎక్స్ విండో వ్యవస్థ 1994నాటి కూర్పులో ఇన్‌పుట్ మెథడ్‌కును ప్రోగ్రామునకును నడుమ ఒక ఒడంబడికను స్థిరపరచెను. తరువాత 2002లో వెలువడిన జీటీకే రెండవ కూర్పు ఈ విషయమున పెద్ద మలుపు. ఇన్‌పుట్ మెథడ్‌లను కావలసినట్లు తగిలించుకొను ఏర్పాటుతోపాటు, సకల లిపులను తీర్చి చూపు ‘పాంగో’ అను భాగము కూడ దానిలో చేరెను. ఆ పేరు భాషాభిమానులు గమనింపదగినది. ‘పాన్’ అనగా గ్రీకు భాషలో సర్వము. ‘గో’ అనగా జపాను భాషలో భాష. గ్రీకు పూర్వపదము, జపాను ఉత్తరపదము గల ఇట్టి సమాసమును ఏ వైయాకరణుడును ఊహించియుండడు. దాని తరువాతి తరమున, అక్షరముల రూపమును తీర్చు పనిని ‘హార్ఫ్‌బజ్’ అను భాగము చేయుచున్నది. అది పారశీక పదము; ‘హర్ఫ్’ అనగా అక్షరము, ‘బాజ్’ అనగా తెరచినది. నేడు ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలోను, ఆండ్రాయిడ్ ఫోన్లలోను తెలుగు ఒత్తులను కుదురుగా నిలుపుచున్నది ఈ పారశీక నామధారియే.

ఇన్‌పుట్ మెథడ్‌ల చరిత్రయు ఇట్టిదే. లినక్స్‌లో మొదట స్కిమ్, తరువాత 2008 నుండి ఐబస్ అను వ్యవస్థలు చీనా ప్రోగ్రామరుల చేతిలో రూపొందెను. జపాను ప్రభుత్వ పరిశోధనసంస్థలో ‘ఎం17ఎన్’ అను బహుభాషా భాండాగారము తయారయ్యెను. బహుభాషీకరణము అను అర్థము గల దీర్ఘమైన ఆంగ్లపదమున మొదటి అక్షరమునకును చివరి అక్షరమునకును నడుమ 17 అక్షరములున్నవి. పేరులోని అంకె అదియే. ఆ భాండాగారమున తెలుగునకు ఇన్‌స్క్రిప్ట్ కలదు, ఆర్.టి.ఎస్. కలదు, ఆపిల్ కలదు, పోతన కలదు. అనగా లినక్స్ కంప్యూటరు ముందు కూర్చున్న రాజోలు విద్యార్థి ‘రాజోలు’ అని వ్రాసినప్పుడు, ఆ మాట చీనావారి వ్యవస్థలో ప్రవేశించి, జపానువారి భాండాగారమున రూపు దిద్దుకొని, నార్వే వ్రాతగడిలో పడి, పారశీక నామధారి చేతిమీదుగా తెరకెక్కుటకు అవకాశమున్నది. అదంతయు రెప్పపాటులో జరుగుటచే ఆ బాలునికి తెలియదు.

తెలుగువారి సొంత ప్రయత్నము

ఇంతమాత్రమున తెలుగువారు చేతులు కట్టుకొని కూర్చుండిరని యనుకొనరాదు. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ లిపులకు ఉమ్మడిగా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును నిర్ణయించెను. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ ఇస్కీ అను సంకేతపట్టికను ప్రమాణముగా ప్రకటించెను. ఆ సంవత్సరమే యూనికోడ్ మొదటి కూర్పు వెలువడి, తెలుగునకు 128 స్థానముల గడి కేటాయింపబడెను.

ఇన్‌స్క్రిప్ట్ కూర్పులో ఒక శాస్త్రమున్నది. అచ్చులు, గుణింతములు ఎడమచేతివైపు. హల్లులు చాలవరకు కుడిచేతివైపు. కకారము ఏ మీటపై నున్నదో అదే మీటపై దేవనాగరిలోను, కన్నడములోను, బెంగాలీలోను కకారమే యుండును. ఒక లిపి నేర్చినవానికి తక్కిన భారతీయ లిపుల కీబోర్డు సగము వచ్చినట్లే. ‘కోనసీమ’ అని వ్రాయుటకు దీనిలో ఆరు మీటలు చాలును. వర్ణమాలను అచ్చులు, హల్లులుగా బోధించు తెలుగు ఉపాధ్యాయునికి ఇంతకంటె దగ్గర చుట్టము లేదు.

కాని ప్రవాసమున నున్న తెలుగువారికి ఆ కీబోర్డు చేతికందలేదు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద్ కిషోర్ 1990ల మొదటి సంవత్సరములలో రోమను అక్షరములతో తెలుగు వ్రాయు పద్ధతి నొకదానిని కూర్చిరి. ఆర్.టి.ఎస్. అనునది అదియే. దీర్ఘములకు పెద్దబడి అక్షరములు, హ్రస్వములకు చిన్నబడి అక్షరములు. తరువాత తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను యూనికోడ్ ఫాంట్లను సిద్ధపరచిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జున, పాత ఫాంట్లలోని పాఠమును యూనికోడ్‌గా మార్చు ‘పద్మ’ను రచించిరి. వీవెన్ రూపొందించిన ‘లేఖిని’ బ్రౌజరులోనే రోమను నుండి తెలుగు చేసి చూపెను. తెలుగులో బ్లాగులు వ్రాయ మొదలుపెట్టిన తరమునకు అదియే పలక.

ఇచ్చటనే తెలుగు కథ జపాను కథతో కలియుచున్నది. ఆర్.టి.ఎస్. పద్ధతిలో ‘కొత్తపేట’కు తొమ్మిది మీటలు నొక్కవలెను. ‘కె’ నొక్కగానే ‘క్’ అని కనబడును. ‘ఓ’ నొక్కగానే ఆ పొల్లు పోయి ‘కొ’ అగును. ‘టి’ నొక్కగా ‘కొత్’; మరల నొక్కగా ‘కొత్త్’; ‘ఏ’ నొక్కగా ‘కొత్త’. ప్రతి మీటకును వెనుకటి రూపము చెరిగి క్రొత్తరూపము నిలుచుచున్నది. ‘హషి’ వలెనే ఇదియు ఖాయము కాని పాఠము. కావున తూర్పుదేశములకొఱకు టూల్‌కిట్ నేర్చిన విద్యయే దీనికిని ఆధారము. ఆ విద్య లేని వ్రాతగడిలో ఈ పద్ధతి అడుగు పెట్టలేదు. చీనాకు తలుపు తీయని ప్రోగ్రాము తెలుగునకును తలుపు తీయదు.

నాలుగును కావలెను, ఎనిమిదియు కావలెను

ఐనను తెలుగునకు అక్షరము లోపలికి వచ్చుటతోనే కష్టము తీరదు. చీనా అక్షరము తన గడిలో తాను నిలుచును. తెలుగు అక్షరము ప్రక్కవానిని చూచి రూపు మార్చుకొనును. ‘క’కు ఒత్వము తగులగానే తలకట్టు పోవును. ‘కై’లో ఐత్వము ఒక భాగము తలపైకెక్కి, ఒక భాగము పాదమున చేరును. ‘స్త్రీ’లో ఆరు సంకేతములు ఒక్క అక్షరముగా ముడిపడును. ఈ ముడి వేయుట నేర్వని టూల్‌కిట్ పొల్లులను విడివిడిగా చూపి, ‘కొత్తపేట’ను ‘కొత్‌తపేట’ చేయును. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఎక్స్‌పీ 2001లో తెలుగునకు ఈ సదుపాయము కల్పించి, ‘గౌతమి’ అను ఫాంటును దానితో పంపెను. కోనసీమకు ఒక వైపున ప్రవహించు గోదావరిపాయ పేరును అదియే యగుట తెలుగువారికి ముచ్చట.

వ్రాతగడిలోని ఆ మినుకుగీత ప్రశ్న ఇంకను సూక్ష్మమైనది. బాణపు మీట నొక్కినప్పుడు గీత ఎంతదూరము జరుగవలెను? ‘స్త్రీ’ నడుమ గీత ఆగుటకు చోటెక్కడిది? బాలుని లెక్క ప్రకారము ఒక్కసారిగా అక్షరమంతయు దాటవలెను. కాని వెనుకకు చెరుపు మీట నొక్కినప్పుడు? ‘పే’ వ్రాయబోయి ‘పె’ అని వ్రాసినవాడు ఎత్వమును మాత్రము చెరిపి ఏత్వము పెట్టదలచును; పకారమును మరల వ్రాయదలచడు. అప్పుడు యంత్రపు లెక్క ప్రకారము ఒక్క సంకేతము మాత్రమే పోవలెను. నడచునప్పుడు నాలుగు, దిద్దునప్పుడు ఎనిమిది. ఈ రెండు లెక్కలను ఎరిగి, ఏది ఎప్పుడు పనికివచ్చునో తెలిసిన వ్రాతగడియే తెలుగు వచ్చిన వ్రాతగడి.

ఈ సూక్ష్మమును అశ్రద్ధ చేసిన ఫలమెట్లుండునో 2018 ఫిబ్రవరిలో లోకమంతయు చూచెను. ఆపిల్ సంస్థ ఫోన్లలో ‘జ్ఞా’ అను ఒక్క తెలుగక్షరము, నడుమ కంటికి కనబడని విడదీత సంకేతముతో వచ్చినప్పుడు, దానిని చూపబోయిన ప్రోగ్రాము కుప్పకూలెను. ఎవరైన ఆ అక్షరమును సందేశముగా పంపినచో అందుకొన్నవాని సందేశముల ప్రోగ్రాము తెరచుకొనకపోయెను. ఆ నెల 19వ తేదీన సంస్థ సవరించిన కూర్పును విడుదల చేసెను. జకార ఞకారముల సంయోగము తెలుగు బాలునికి ‘జ్ఞానము’, ‘విజ్ఞానము’ అను మాటలలో నిత్యపరిచితము. అంతటి సంస్థకు అది పరీక్షింపని మూల యయ్యెను. తెలుగు తప్పు అందులో లేదు. తెలుగును పరీక్షించువాడు లేకపోవుటయే తప్పు.

కోనసీమకు కలుగు లాభనష్టములు

అమలాపురములోనైనను, కొత్తపేటలోనైనను, ఆంధ్రదేశములోని ఏ పట్టణములోనైనను డి.టి.పి. కేంద్రములోనికి పోయి చూడుడు. శుభలేఖలు, కరపత్రములు, ప్రశ్నపత్రములు, కవుల సంపుటములు చాలకాలము అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో తయారైనవి. టూల్‌కిట్లకు తెలుగు రాని రోజులలో ఆ ఫాంట్లు గొప్ప సేవ చేసినవి. అవి పన్నిన ఉపాయమేమనగా, ఆంగ్లాక్షరముల సంకేతములకే తెలుగు ముక్కల రూపములు తొడుగుట. కంటికి తెలుగు, యంత్రమునకు అర్థములేని ఆంగ్లపు తునకలు.

జగ్గన్నతోట ప్రభల తీర్థముపై ఒక ఉపాధ్యాయుడు పాతికేండ్ల క్రిందట చక్కని వ్యాసము వ్రాసి, అట్టి ఫాంటులో కూర్పించెననుకొనుడు. ఏ ప్రభ ఏ యూరినుండి ఏ దారిని వచ్చునో, దానిని మోయువారెవరో అందు వివరించెను. నేడొక విద్యార్థి ‘ప్రభల తీర్థము’ అని వెదకినచో ఆ వ్యాసము దొరకదు. ఆ మాటలు దానిలో యంత్రమునకు లేనే లేవు. ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో గజిబిజి గీతలు కనబడును. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్నను గూర్చి వ్రాసినదైనను, అంతర్వేది కల్యాణమును గూర్చి వ్రాసినదైనను ఇదే గతి. తాటియాకు చెదలు పట్టుటకు కొన్ని తరములు పట్టెను. ఈ పాఠములు ఒక్క తరములోనే మూగవగుచున్నవి. ‘పద్మ’ వంటి మార్పిడి సాధనములతో వీనిని యూనికోడ్‌లోనికి తెచ్చుట సాధ్యమే. కాని ఫైలు కాపాడినవాడు ఉండవలెను. మార్చిన తరువాత ఒత్తులు, సున్నలు సరిచూచు తెలుగు కన్ను ఉండవలెను. అట్టి కన్ను తెలుగు ఉపాధ్యాయునికంటె ఎవరికి గలదు?

రెండవ నష్టము మరింత చాటుగా జరుగుచున్నది. వ్రాతగడిలో తెలుగు రానప్పుడు విద్యార్థి పోరాడడు. తెలుగు మాటలనే ఆంగ్లాక్షరములతో వ్రాసి పంపివేయును. హ్రస్వదీర్ఘములు, శకటరేఫము, తథదధ భేదములు, లళ భేదములు అన్నియు ఆ ఆంగ్లాక్షరముల బురదలో కలిసిపోవును. అట్లు పదేండ్లు వ్రాసిన చేతికి ‘కళ’కును ‘కల’కును భేదము గుర్తుండుట కష్టము. తరువాత పరీక్షపత్రములో ఆ తప్పు చూచి ఉపాధ్యాయుడు విద్యార్థిని నిందించును. నింద కొంత వ్రాతగడికి కూడ చెందవలెను.

దీనికి ఉపాధ్యాయులు చేయగల పని పెద్దది కాదు. విండోస్‌లోను, లినక్స్‌లోను తెలుగు కీబోర్డు ఉచితముగనే గలదు. అమరికలలో తెరచుటయే తరువాయి. పాఠశాలలోని కంప్యూటరులో క్రొత్త ప్రోగ్రామేదైన చేరినప్పుడు దానికొక చిన్న పరీక్ష పెట్టవచ్చును. ‘కొత్తపేట’, ‘స్త్రీ’, ‘కై’, ‘విజ్ఞానము’, ‘రాజ్‌కుమార్’ అను అయిదు మాటలు అందు వ్రాయించవలెను. అక్షరములు ముడిపడినవా? బాణపు మీట అక్షరము నడుమ ఆగుచున్నదా? చెరుపు మీట గుణింతమును మాత్రము తీయుచున్నదా, అక్షరమునంతయు మ్రింగుచున్నదా? ‘రాజ్’ చివరి పొల్లు ప్రక్క కకారమునకు ఒత్తు తగిలింపకుండ నిలిచినదా? రోమను పద్ధతిలో వ్రాయునప్పుడు నడుమ రూపములు కనబడుచున్నవా? ఇది వ్యాకరణపు గంటలో జరుపదగిన పరీక్షయే. సంధులు, సంయుక్తాక్షరములు, గుణింతములు ఎందుకు నేర్వవలెనని అడుగు విద్యార్థికి ఇంతకంటె ప్రత్యక్షమైన సమాధానము దొరకదు.

తప్పు కనబడినచో నిర్మాతలకు తెలుపవలెను. టూల్‌కిట్లలో పెక్కింటి మూలపాఠము బహిరంగము. దోషములను స్వీకరించుటకు వారు ప్రత్యేకముగా చోటు కల్పించియున్నారు. ‘ఏ మాట వ్రాసితిమి, ఏమి కనబడవలెను, ఏమి కనబడినది’ అను మూడు వాక్యములు, తెర బొమ్మ ఒకటి చాలును. ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుచున్న విద్యార్థు లైనచో ఇంకొక అడుగు ముందుకు వేసి దిద్దుబాటునే పంపవచ్చును. చీనా, జపాను విద్యార్థులు చేసినది ఇంతకంటె భిన్నము కాదు.

2011 జనగణన ప్రకారము ఈ దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. దక్షిణకొరియా జనసంఖ్య దాదాపు 5 కోట్లు. హంగుల్ వ్రాయరాని ప్రోగ్రామును సియోల్ నగరమున అమ్మజూపినచో కొనువాడుండడు. ఆ సంగతి అమ్మువానికి ముందే తెలియును. తెలుగు వ్రాయరాని ప్రోగ్రామును మనవారు కొందురు, వాడుదురు, ఆంగ్లాక్షరములతో సరిపెట్టుకొందురు. నిర్మాతకు ఫిర్యాదు చేరదు. చేరని ఫిర్యాదునకు దిద్దుబాటు లేదు. సంఖ్యలో తెలుగువారికి లోటు లేదు. లోటు ఉన్నది, ‘ఇది సరిగా లేదు’ అని వ్రాసి పంపు అలవాటులో.